కామెర్ల పసరు

నారాయణ విసిరిన కల్వం గది మూల నీళ్ళు పోయే మోరీ గట్టుకు తగిలి రెండు ముక్కలైంది. అందులోని పచ్చటి పసరు గట్టు మీదుగా కారి తూములోకి జారింది.

"ఇంకెవల్ని గుడ్డోణ్ణి చేద్దామని నూరుతుండ్రే దీన్ని?" అని అరిచాడు.

గంగవ్వ గబగబా వెళ్ళి ఖోలీ తలుపు మూసింది. పట్టపగలు తలుపు మూస్తే, గదులన్నీ వరసగా అంటుకుని ఉండే ఆ చాళ్లో అదే ఒక వార్త. తెరిచి ఉంచితే అంతకంటే పెద్ద వార్త అయ్యేట్టుంది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. నాయనమ్మ గ్యాలరీలనే ఉన్నది."

"ఉండనీ, ఇననీ! ఆమెనే చెప్పింది నాకు. 'మీ నాయినకు పోసినట్టే భూమయ్య మనుమరాలికి గూడ పోస్త, తెల్లారేవరకు కామెర్లు దిగుతయ్' అన్నది. నవ్వుకుంట చెప్పిందమ్మా! నేనేమో పొద్దున దవాఖానకు పోయి, జర జల్ది తారీఖు ఇయ్యమని సిస్టర్ కాళ్ళా వేళ్ళా పడ్డ."

"సిస్టర్ ఏమన్నది?"

"సున్నం పడ్డ కన్ను పదిహేను దినాలు ముట్టొద్దన్నది. ఇంకేదన్న పడితే నాలుగు దినాలకే లైటు పెట్టి కాల్చేటోళ్ళమన్నది. కంట్ల సున్నం రవ్వ ఒక్కటి గూడ దొరకలేదంట. డాక్టర్ సాబుకే సమజ్ అయితలేదంట." నారాయణ తల్లి ముఖంలోకి చూశాడు. "సున్నం యాడిదమ్మా? ఎవలు చెప్పిండ్రు సున్నమని?"

తండ్రి రాజమల్లు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అతని కుడికంటి మీద దూది కట్టు ఉంది. ఎడమకంటికి కట్టు అక్కర్లేదు. దానికి నడుమ నల్లమచ్చ పడి రెండేళ్ళయింది. ఆ కంటికి పక్కనున్న గోడ కనపడుతుంది గాని ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనపడదు. ఒంటికంటి మేస్త్రీకి పని ఎవరిస్తారని రాజమల్లు ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పకుండా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు.

కుడికన్ను కూడా మొరాయించాక గాని గుట్టు బయటపడలేదు. ఫోరస్ రోడ్డు పనిలో, పాలమూరు నుంచి వచ్చిన మొగులయ్య కట్టిన గోడ వంకర పోయిందని రాజమల్లు రెండుసార్లు పడగొట్టించాడు. మూడోసారి మొగులయ్య తూకం గుండు దారం తెచ్చి అతని చేతికే ఇచ్చాడు. "మేస్త్రీ, గోడను ఇడ్సిపెట్టు. గీ దారం చూడు, ఎట్లున్నది?" అన్నాడు. అతని కంటికి దారం నడుమ పాములా మెలి తిరిగి ఉంది. గుండు వేలాడే దారం వంగదని కట్టుబడి పని చేసే కామాటి ఇంట పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. రాజమల్లు ఆ రోజు తాపీ కింద పెట్టి ఇంటికొచ్చినవాడు మళ్ళీ పనికి పోలేదు.

కంటి వెనక తెర కింద పిచ్చి నాళాలు మొలిచి నెత్తురు కారుతోందని దవాఖానలో తేల్చారు. గోడ పగుల్లో రావిమొక్క వేరు పోసుకున్నట్టన్నమాట. అది ఇంకా చూపు నడిబొడ్డుకు చేరలేదు, చేరేలోపు లేజరు లైటుతో మాడ్చేస్తే మిగిలిన చూపు దక్కుతుందన్నారు. ఎక్కడ మొలిచిందో తెలియడానికి మోచేతి నరంలోకి పచ్చటి రంగుమందు ఎక్కించి కంటికి ఫోటోలు తీశారు. మర్నాడు గురువారం లైటు పెడతాం, రమ్మన్నారు.

ఆ రంగు ఒక రోజంతా ఒంట్లో ఉంటుంది, తోలు పచ్చబడుతుంది, మూత్రం పచ్చగా వస్తుంది, భయపడకండి అని సిస్టర్ రాజమల్లుకు అర్థం కాని మరాఠీలో నారాయణకు చెప్పింది. నారాయణ తండ్రిని గల్లీ మొదట్లో టాక్సీలోంచి దింపి, అటునుంచి అటే ప్రెస్సులో రాత్రి పనికి పోయాడు.

రాజమల్లు ఒళ్ళు చూసి అతని తల్లి ముత్తమ్మ గుండెలు బాదుకుంది. ఒంట్లో పసుపు, గోళ్ళలో పసుపు, మూత్రం చూస్తే పసుపు. కామెర్లు కాక మరేమిటి? కామెర్లయితే ముత్తమ్మ ఎదురుగా ఉండగా వేరే దవాఖాన దేనికి? పదో గల్లీ నుంచి ఫాక్‌లాండ్ రోడ్డు దాకా ఆమె చేతి పసరు కంట్లో పడని ఇల్లు లేదు. ఆ రాత్రే ఆకు నూరి గుడ్డలో పిండి, కొడుకు కంట్లో పోసింది. చెడిన కంట్లో ఎందుకని కుడికంట్లోనే పోసింది. రాజమల్లు మంటకు గిలగిల కొట్టుకుంటుంటే తల కదలకుండా ఒడిలో పెట్టుకుని అదిమి పట్టింది గంగవ్వ.

తెల్లారేసరికి పసుపు పోయింది. రంగుమందు పోయే వేళకు అది పోయింది, పేరు మాత్రం ముత్తమ్మకు వచ్చింది. కన్ను నిప్పుకణికలా ఉన్నా, పసరు పనిచేస్తే అట్లాగే ఎర్రబడుతుందంది. గురువారం దవాఖానలో సిస్టర్ 'రంగు దిగిందా?' అని హిందీలో అడిగాక గాని ఆ పసుపు దేనిదో మొగుడూ పెళ్ళాలకు తెలియలేదు. ఆ కన్ను చూసి డాక్టర్ ఏమైందని గద్దిస్తే, "దారిల గోడకు సున్నం ఏస్తుండ్రు సాబ్, గాలికి వచ్చి పడ్డది" అన్నాడు రాజమల్లు. పక్కనే నిలబడ్డ గంగవ్వ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది. ఇంటికొచ్చి తల్లికీ, కొడుక్కీ అదే మాట చెప్పాడు. ఇప్పటికి వారం దాటింది.

"అడుగుతున్న గద, చెప్పవేందమ్మా?" నారాయణ గొంతు మళ్ళీ లేచింది. "ఆమె ముసల్ది, ఆమెకు తెల్వదు. నీకేమైంది? తెల్లారితే కంటికి లైటు పెట్టేదుంటే ఆకురసం పోస్తరా ఎవలన్న?"

గంగవ్వ గిర్రున కొడుకు వైపు తిరిగింది.

"సిస్టర్ చెప్పిన మాట ఇంట్ల చెప్పినవారా నువ్వు? గల్లీ మొదట్ల తండ్రిని ఇడ్సి పోతివి. పచ్చగైతదని ఒక్క మాట, ఒక్క మాట చెప్పిపోతే నేనెందుకు పోయనిస్తుంటిరా?"

నారాయణ మోరీ గట్టు మీద కూలబడి పసరంటిన తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ ఖోలీలో ఎవరి పిడికెడు వాళ్ళ చేతిలో ఉంది.

గ్యాలరీ గోలలో అరుపులే తప్ప మాటలు వినపడని ముత్తమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. వంగిన నడుము మీద చెయ్యి వేసుకుని అందరి ముఖాలూ చూసింది, తర్వాత పగిలిన కల్వం చూసింది.

"ఎవలు పలగ్గొట్టిండ్రు? మా అత్త ఇచ్చిన కల్వం గది."

నారాయణ లేచాడు. అతని పెదవి కదలడం గంగవ్వ చూసింది.

"నా చెయ్యి తాకిందే అవ్వా," అన్నాడు రాజమల్లు మంచం మీంచి. "నీళ్ళకని లేస్తే తాకి పడ్డది. అవుపడలే."

ముత్తమ్మ ముఖం మెత్తబడింది. వచ్చి మంచం పట్టె మీద కూర్చుని కొడుకు నెత్తి నిమిరింది. "పోతే పోనీ తియ్యి బిడ్డా. రాయి ఎన్నడన్న దొరుకుతది. కామెర్లు దిగినయ్, పానం దక్కింది, గదే పదివేలు. ఆ సున్నం ఏసెటోళ్ళ చేతులిరగ! మంచిగైతున్న కన్ను చెడగొట్టిరి."

నారాయణ చెప్పులు వేసుకుని, తిండి తినకుండానే మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం ముత్తమ్మ భూమయ్య ఇంటికి పోయాక గంగవ్వ కంటి చుక్కల సీసా తీసింది. రాజమల్లు తల కిటికీ వైపు తిప్పి మెల్లగా దూది ఊడదీసింది. ఎరుపు చాలా తగ్గింది. ఆమెకు కాస్త ప్రాణం లేచివచ్చింది.

"మంచిగైంది. తెల్లగైతుంది కన్ను," అంది.

రాజమల్లు కిటికీ వైపే చూస్తున్నాడు. ఎంతసేపటికీ రెప్ప వెయ్యలేదు.

"కిటికీకి ఊచలు ఎన్నున్నయే?"

"ఐదు. నువ్వు బిగించినయే గద."

"నిన్న నడిమి ఊచ వంకరగ ఉండె," అన్నాడు. "ఇయ్యాల నడిమి ఊచ లేదు."

గంగవ్వ తిరిగి చూసింది. ఊచ అక్కడే, నల్లగా, నిటారుగా ఉంది. వెయ్యబోయిన చుక్క అతని చెంప మీద పడింది.

"రేపు దవాఖానకు పోదాం," అంది. "నిజం చెప్పేద్దాం. సున్నమనుకొనే గద ఆగుతుండ్రు. పదిహేను దినాల దాంక లోపలి రోగం ఆగుతదా?"

"ఏం చెప్తవ్? మా అత్త కండ్లల్ల పసరు పోసిందని చెప్తవా?"

"డాక్టరుకు చెప్తే గల్లీకి ఎట్ల తెలుస్తది?"

"దవాఖానల మన గల్లీ ఆయమ్మలు ఎంతమంది పన్జేస్తలేరు? సంజె వరకు నల్లా కాడ ఇదే ముచ్చట." రాజమల్లు లేచి కూర్చున్నాడు. "మా నాయిన పరంజా మీదికెల్లి పడి సచ్చినంక అవ్వను ఎవలు సాకిండ్రో ఎర్కనా? గా పసరే సాకింది. పైస తీసుకోకుంటే ఏమాయె, సేరు బియ్యం పెట్టిపోయెటోళ్ళు. గా బియ్యంతోనే పెరిగిన నేను. కొడుకు కన్ను నేనే తీసిన అని తెలిస్తే ఒక్క పూట బతుకదే ఆమె."

"నీ కన్ను పోతే బతుకుతదా?"

"కన్ను పోతే దేవుడు తీసిండనుకుంటది." కాస్త ఆగి అన్నాడు, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తదే గంగా. సప్పుడు జెయ్యకు. ఒట్టు పెట్టు."

గంగవ్వ ఒట్టు పెట్టలేదు. రెండో చుక్క సరిగ్గా కంట్లో వేసి, దూది అతికించి, సీసా మూత బిగించింది. అతను చెయ్యి చాపి ఉంచాడు. ఆ చేతిలో ఆమె చాయ్ గ్లాసు పెట్టింది.

అత్త తిరిగొచ్చి, భూమయ్య మనుమరాలు ఎంత గుక్కపెట్టి ఏడ్చిందో, ఇంకో ఇంటి కల్వంలో నూరి ఎట్లా పోసిందో చెబుతుంటే గంగవ్వ పొయ్యి దగ్గరే ఉండిపోయింది. తనకు ఆ ముసలమ్మ మీద కోపం రావాలి. రావడం లేదు. కోపమంతా తన చేతుల మీదికే వస్తోంది.

పొద్దున్నే ఆమె మిగిలిన చుక్కల మందు మోరీలో వంచేసింది. "మందు అయిపోయింది, తెచ్చుకోవాలె. నిన్ను చూపిస్తె గాని ఇయ్యరు," అని చెప్పి భర్తను బయల్దేరదీసింది. మొగుడు అబద్ధమాడితే తల్లి కోసం, పెళ్ళాం అబద్ధమాడితే మొగుడి కోసం. ఆ ఇంట్లో నిజానికి తప్ప అన్నిటికీ దిక్కుంది.

డాక్టర్ గదిలో చీకటిగా ఉంది. ఒక మూల యంత్రం ముందు చిన్న దీపం వెలుగుతోంది. డాక్టర్ నలభై ఏళ్ళ మనిషి, మాట హిందీలోనే. కట్టు విప్పి చూసి, "పదిహేను రోజులు కాలేదే, అప్పుడే ఎందుకొచ్చారు?" అన్నాడు.

"చుక్కలు అయిపోయినయ్ సాబ్," అన్నాడు రాజమల్లు.

"సున్నం కాదు సాబ్," అంది గంగవ్వ.

రాజమల్లు తల ఆమె వైపు తిరిగింది.

"సున్నం కాదు. మీ రంగుకు ఒళ్ళు పచ్చగైతే కామెర్లనుకున్నం. ఆకు పసరు పోసినం. ఇంట్లనే. నేనే తల పట్టుకున్న."

డాక్టర్ తిడితే బాగుండుననిపించింది గంగవ్వకు. అతను తిట్టలేదు. పసరు ఏ ఆకుదని అడిగాడు. తర్వాత కంట్లో ఒక చుక్క వేసి, నీలపు వెలుగు పెట్టి చూశాడు.

"పై పొర ఎప్పుడో మానింది," అన్నాడు. "ఆకురసమని గురువారమే చెప్పి ఉంటే రోజూ చూసేవాణ్ణి. ఈపాటికి లైటు పెట్టి పని ముగించేవాణ్ణి. సున్నమంటే కన్ను కరిగిపోతుందేమోనని భయపడి ముట్టుకోలేదు."

"అయితే ఇప్పుడు పెడ్తరా సాబ్?"

"ఇవాళే పెడదాం. ముందు లోపల చూడనీ."

గంగవ్వ కళ్ళు మూసుకుని ఎల్లమ్మ తల్లికి మొక్కింది. మొక్కు పూర్తి కాకముందే గదిలో ఏదో తేడాగా అనిపించి కళ్ళు తెరిచింది. డాక్టర్ కంటికి అద్దం ఆనించి, యంత్రంలోంచి చూస్తున్నాడు. కదలడం లేదు. సిస్టర్ కూడా కదలడం లేదు.

అతను అద్దం తీసి కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆ నాళాల మొలక చూపు నడుమకు వచ్చేసింది. కింద నెత్తురు కూడా కమ్మింది."

"కోసి తియ్యరాదా సాబ్?" అంది గంగవ్వ.

"ఆ తెర కిందికి పోయి కోసి తీసే పని ఇక్కడ ఎవరూ చెయ్యడం లేదమ్మా. మన చేతిలో ఉన్నది ఈ లైటే." డాక్టర్ రాజమల్లు వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "ఇప్పుడు కాలిస్తే నడిమి చూపు ఈ రోజే పోతుంది. మనిషి ముఖం కనపడదు, నీ తూకం దారం కనపడదు. కాని మచ్చ అక్కడితో ఆగొచ్చు. పక్క చూపు మిగిలితే నీ అంతట నువ్వు నడుస్తావు, నీ పని నువ్వు చేసుకుంటావు. కాల్చకపోతే కొన్ని వారాలు ఇట్లాగే, మసకగా, వంకరగా కనపడుతుంది. ఆ తర్వాత మచ్చ ఎంత దూరం పాకుతుందో నేను చెప్పలేను. కాల్చినా ఆగి తీరుతుందని ప్రమాణం చెయ్యలేను. బయట కూర్చుని ఆలోచించుకోండి. కాని ఇవాళే తేల్చాలి."

వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు రాజమల్లు. ఎదుట చీటీల వరసలో జనం తోసుకుంటున్నారు.

"ఒట్టు పెట్టమంటె అందుకే పెట్టలేదా నువ్వు?" అన్నాడు చివరికి.

"అందుకే పెట్టలేదు."

"ఏం దక్కింది? అవ్వ మానం పోయింది, కన్ను గూడ పోయింది."

"ముందుగాల చెప్పుంటే దక్కేది," అంది గంగవ్వ. అనకుండా ఉండవలసిందని అన్న తర్వాత తెలిసింది.

రాజమల్లు దవడ కదిలింది. "గుడ్డి కన్నా మెల్ల నయమంటరు. వంకరగనన్న కొన్నొద్దులు చూస్త. కాల్పిచ్చుకోను."

"కొన్నొద్దులైనంక?"

"అయినంక సూస్కుందాం."

"ఎట్ల సూస్కుంటవ్? దేనితోని సూస్కుంటవ్?" ఆమె అతని వైపు తిరిగింది. "మోరీకి పోవాల్నన్న ఎవల చెయ్యన్న పట్టుకోని పోతవా? మెట్లు దిగాల్నంటే కొడుకును పిలుస్తవా? నాకు నీ కన్ను ఎంత మిగిల్తె అంత కావాలె. నా ముఖం అవుపడకుంటే మాయె."

"నీకు కావాలె," అన్నాడు రాజమల్లు. "కన్ను నాదే!"

గంగవ్వ కన్నీళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకున్నా చూసేవాడు లేడు. అతను గోడకు తల ఆనించి, ఎటో చూస్తున్నట్టు కూర్చున్నాడు. అతను మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. దాని చోట వచ్చిన చల్లదనానికి ఆమెకు ఇంకా భయం వేసింది.

"సరే, నువ్వే చెప్పు. నన్నడగకుంట నిజం చెప్పినవ్ గద. ఇది గూడ నన్నడగకుంట చెప్పు. కాల్చమంటె కాల్పిచ్చుకుంట. వద్దంటె లేచి ఇంటికి పోదాం. నేను ఒక్క మాట గూడ అనను."

"నా మీద వెయ్యకు. నీ కాళ్ళు మొక్కుత."

"ఏసిన," అన్నాడతను.

సిస్టర్ తలుపు తీసి పేరు పిలిచింది. వెనక డాక్టర్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఏం అనుకున్నారు?" అని అడిగాడు.

గంగవ్వ లేచి నిలబడింది.

"కాల్చుండ్రి సాబ్," అంది.

రాజమల్లు లేచాడు. ఆమె చెయ్యి అందించబోతే తోసేసి, అరచేత్తో గోడ తడుముకుంటూ తలుపు దాకా నడిచాడు. గడప దగ్గర ఆగి, ఆమె వైపు తిరగకుండా, ఎటో చూస్తూ మాట్లాడాడు.

"నారాయణకు కబురంపు. నన్ను ఇంటికి వాడు తోల్కపోతడు. నువ్వు రాకు."

తలుపు మూసుకుంది. చీటీల వరసలోంచి ఎవరో ఒకామె వచ్చి, బెంచీ ఖాళీయేనా అని గంగవ్వను అడిగింది.